జములమ్మ ఒళ్ళు తగ్గినంక

గద్వాల బస్టాండు వెనక సందులో మెస్సు నడిపే జములమ్మ, సొంత తమ్ముణ్ణి నడివాకిట్లో వెల్లకిలా పడేసి ఛాతీ మీద కూర్చున్న సంగతి వనపర్తిలో అతని వాడకట్టంతా కళ్ళారా చూసింది.

పడ్డవాడు తక్కువవాడేం కాదు. సురేష్ జేసీబీ నడుపుతాడు. చేతులు గడ్డపారల్లా ఉంటాయి. ఆ పొద్దున పెళ్ళాం స్రవంతి ఫోను ఎత్తడం ఆలస్యం చేసిందని బెల్టు తీసి, ఆమె వీపు మీద ఇనుప కొక్కెం అచ్చు దిగేదాకా కొట్టాడు. పక్కింటివాళ్ళు గద్వాలకు కబురు చేశారు. జములమ్మ పిండి చేతులతోనే బస్సెక్కింది. దిగి, రొప్పుకుంటూ ఆ ఇంటిదాకా నడిచి, ఏమైందని ఒక్క మాటైనా అడగకుండా తమ్ముడి చెంప మీద ఒక్కటిచ్చింది. అతను తూలి పడ్డాడు. లేవబోయేలోగా తన ఒళ్ళంతా అతని మీద వేసి కూలబడింది.

“అక్కా, ఊపిరాడ్తలేదే... లెవ్వే!”

“దానికి ఆడిందారా, నువ్వు కొడుతుంటె?”

లోపల ఏదో పుటుక్కుమంది. పక్కటెముక. సురేష్ అరిచిన అరుపుకు వీధికుక్కలు లేచి మొరిగాయి. అతను రెండు చేతులూ జోడించేదాకా జములమ్మ లేవలేదు.

వాళ్ళింట్లో దెబ్బలు కొత్తవి కావు. తండ్రి మట్టిపనికి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఇంటికొచ్చిన రోజు సారా తాగి, ఎద్దుల్ని తోలే చర్నాకోలతో పెళ్ళాన్నీ పిల్లల్నీ ఒకే తీరుగా బాదేవాడు. తల్లి పోయాక ఆ దెబ్బలన్నీ జములమ్మ వంతుకొచ్చాయి. తమ్ముణ్ణి కడుపు కింద దాచుకుని వీపు అప్పగించేది. ఆకలికి కొంతా, భయానికి కొంతా తినడం మరిగింది. ఒళ్ళొచ్చింది. ఒకనాడు తండ్రి చర్నాకోల ఎత్తితే దాన్ని గాలిలోనే పట్టుకుంది. గుంజితే ఆయన గుమ్మంలోకి బొక్కబోర్లా పడ్డాడు. ఆ పూట నుంచి ఆయన ఆమె జోలికి రాలేదు. ఆమెకు ఒకటే పాఠం మిగిలింది: ఒళ్ళుంటే ఎవడూ కొట్టడు.

ఆ ఒళ్ళే చివరికి ఆమెను తొక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పోయాయి. షుగరు మందులకు లొంగలేదు. పడుకుంటే గొంతు మూసుకుపోయి, నీళ్ళలో మునిగిన మనిషిలా చేతులు కొట్టుకుంటూ లేచేది. భర్త శంకరయ్య నెమ్మదస్తుడు, మెస్సులో వడ్డన ఆయనదే. ఆమె ఊపిరి ఆగినప్పుడల్లా వీపు మీద గుద్ది లేపేవాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఆమె మీద చెయ్యి ఎత్తింది అందుకొక్కదానికే.

కర్నూలు దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. “కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేస్తాం. మిగిలేది అరటిపండంత. తినేది తగ్గుతుంది, ఒళ్ళు తగ్గుతుంది. చెయ్యకపోతే నిద్రలోనే పోతావమ్మా.”

“సన్నగైతె నన్నెవడు లెక్కజేస్తడు సారూ?” అని అడిగింది జములమ్మ. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వించడానికి అడగలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాతిదే అసలు కొట్లాట. ముందు నీళ్ళు, అదీ చెంచాతో. తర్వాత పప్పుకట్టు, పలచటి మజ్జిగ. రొట్టె మీద రొట్టె లాగించిన మనిషి, గిన్నెడు గంజిని గంటసేపు చప్పరించాలి. మెస్సులో మటన్ తాలింపు వాసన తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకరోజు ఆశ చావక, గిన్నె అంచున అంటుకున్న అన్నం మెతుకులు నాలుగు నోట్లో వేసుకుని గబుక్కున మింగింది. ఛాతీ వెనక ఎవడో పిడికిలి బిగించి గుద్దినట్టయింది. దొడ్లోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, తెల్లటి నురుగు కక్కింది. కళ్ళల్లోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు.

“ఇంతకన్న మా నాయిన చర్నాకోలే నయ్యముండె,” అంది శంకరయ్యతో.

“పిల్లి నాకినట్ల తినమన్నరు గద! ఎందుకు తొందరవడ్డవ్?” అన్నాడాయన, ఆమె నుదురు తుడుస్తూ.

దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేది. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. చేతుల కింద చర్మం ఖాళీ సంచుల్లా వేలాడింది. కానీ పడుకుంటే ఊపిరి ఆడింది. మోకాళ్ళు మడిచి కూర్చోగలిగింది. ఆ సుఖం చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు ఆమెకు.

ఒళ్ళు పోతే ఏం పోతుందో మెస్సులోనే తెలిసొచ్చింది. రొట్టెలు కొట్టే హెప్సిబా చెయ్యి పట్టుకుని లాగాడు ఒక తాగుబోతు లారీ క్లీనరు. జములమ్మ ఎప్పటిలాగే వెళ్ళి వాడి కాలరు పట్టుకుంది. పట్టుకుని గుంజితే వాడు కదల్లేదు. వాడు తిరిగి ఆమె ముఖం చూసి, అరచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె పోయి ఎంగిలి పళ్ళాల మధ్య కూలబడింది. సాంబారు ఒళ్ళో ఒలికింది. తినేవాళ్ళంతా ముద్ద ఆపి చూశారు. హెప్సిబా పొయ్యి మీది గంజి గిన్నె ఎత్తి వాడి కాళ్ళ మీద కుమ్మరిస్తే, వాడు కుంటుకుంటూ, బూతులు తిట్టుకుంటూ పరిగెత్తాడు.

“దెబ్బ తాకిందా జములక్కా?” అంటూ హెప్సిబా లేపబోయింది.

జములమ్మ లేవలేదు. ఎవడైనా తోస్తే తాను పడిపోగలనన్న సంగతి, చిన్నప్పటి తర్వాత మళ్ళీ ఆనాడే తెలిసింది ఆమెకు.

ఆ ముచ్చట వనపర్తి దాకా పోవడానికి ఎంతసేపు? పోయింది.

తర్వాతి వారం, స్రవంతి బస్సు దిగి వచ్చింది. చెప్పుల్లేవు. కొంగుతో నోరు మూసుకుంది. కొంగు తీస్తే ముందరి పన్ను సగానికి విరిగి ఉంది, పెదవి చీలి ఉంది. ఎడమ చెవి నుంచి కారిన నెత్తురు మెడ మీద ఎండి నల్లబడింది. జములమ్మ ఆమెను చాప మీద కూర్చోబెట్టి, వేడినీళ్ళతో తుడుస్తుంటే, చెవి దగ్గరికి గుడ్డ రాగానే స్రవంతి గిలగిల్లాడింది.

“గోడకేసి కొట్టిండు వదినె. గ్యాసు బండ ఎత్తి మీద ఏస్తనని వొస్తె ఉరికొచ్చిన.”

“నా పేరు చెప్పకపోయినవా?”

స్రవంతి తల దించుకుంది. “చెప్పిన. నవ్విండు. ‘మా అక్క ఇప్పుడు ఊదితె లేసిపోతది, పిలువు’ అన్నడు.”

జములమ్మ చేతిలో గుడ్డ ఆగింది. సాయంత్రం ఇద్దరూ పోలీస్ స్టేషనుకు వెళ్ళి కాగితం రాసిచ్చి వచ్చారు. పిలిపిస్తామన్నారు వాళ్ళు. వాళ్ళు పిలిపించే లోపే సురేష్ తనంతట తానే వచ్చాడు.

మరునాటి మధ్యాహ్నం, జనం తిని పోయిన వేళ. శంకరయ్య కూరగాయలకు మార్కెట్టుకు పోయాడు. హెప్సిబా దొడ్లో గిన్నెలు తోముతోంది. స్రవంతి వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, సాయంత్రానికి రొట్టెలు చేస్తోంది. సురేష్ లోపలికొచ్చి, తలుపు వెనక్కి నెట్టి, బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సారా వాసన గుప్పున కొట్టింది.

“అన్నం వెట్టవా అక్కా? తమ్ముడొచ్చిండు.”

“తిని పో. అదైతె నీ ఎంబడి రాదు.”

“రాదా? నువ్వు చెప్తె రాదా?” ఆమెను పైనుంచి కిందికి చూశాడు. “యెట్లయిపోయినవే! ఎండిన చెరుకు లెక్క. తింటలెవ్వా?”

జములమ్మ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. రొట్టె, మటన్. ఎందుకు పెట్టిందంటే, తింటున్నంతసేపు కొట్టడు కదా అని. ఈలోగా శంకరయ్య వస్తాడేమో, ఎవరైనా వస్తారేమో అని.

సురేష్ రొట్టె తుంచి, పెద్ద మటన్ ముక్క చుట్టి, ముద్ద చేశాడు. చేసి, లేచాడు.

“చిన్నప్పుడు నేను తిననంటె నువ్వు దవడలు వట్టి కుక్కుతుంటివి. యాదికున్నదా? ఇయ్యాల నా వంతు.”

ఆమె వెనక్కి జరిగే లోపలే జుట్టు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో దవడలు నొక్కి ముద్ద నోట్లోకి తోశాడు. ఆమె గోళ్ళతో అతని ముంజేతిని చీరింది. చర్మం లేచి నెత్తురు కారింది. అతను వదల్లేదు. మూతి మీద అరచెయ్యి గట్టిగా అదిమి పెట్టాడు. మింగడం తప్ప దారిలేక మింగింది. నమలని ముక్క ఛాతీలోకి దిగి అక్కడే ఇరుక్కుంది. లోపల కాలిన కమ్మీ గుచ్చినట్టయింది. నోటి వెంట నురుగు, చొంగ. మోకాళ్ళ మీద కూలిపోయింది.

“చూసినవా? గీ ముద్ద మింగ చాతగాదు, నన్ను కొడతదట!”

వంటింటి గడపలో స్రవంతి నిలబడి ఉంది. అతను రెండంగల్లో చేరి ఆమె జడను చేతికి చుట్టుకుని వాకిలి వైపు ఈడ్చాడు. స్రవంతి కింద పడి గడప పట్టుకుంది. ఆ వేళ్ళ మీద బూటుతో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు జములమ్మకు వినిపించింది.

జములమ్మ లేచిందో, పాకిందో ఆమెకే తెలియదు. పోయి తమ్ముడి కాలు కరిచింది. చేతుల్లో బలం లేకపోతేనేం, పళ్ళున్నాయి. పిక్క కండలోకి దిగేదాకా కరిచింది. సురేష్ కెవ్వుమని, జడ వదిలేసి, ఇంకో కాలితో ఆమె కడుపులో తన్నాడు. సరిగ్గా అక్కడే. కోసి కుట్టిన చోట. మళ్ళీ తన్నాడు. ఆమె ముడుచుకుపోయింది. ఇరుక్కున్న ముక్క బయటపడింది, దాని వెంట ఎర్రటి నెత్తురు.

అప్పుడు పొయ్యి మీద రొట్టె మాడిన వాసన. ఆ వెంటనే పెనం.

స్రవంతి విరగని చేతికి కొంగు చుట్టుకుని, కాలుతున్న ఇనుప పెనాన్ని ఎత్తి మొగుడి చెంప మీద కొట్టింది. చర్మం చుర్రుమంది. దవడ పక్కకు జరిగింది. అతను బల్ల మీద పడి, బల్లతో సహా నేల మీద పడ్డాడు. ఆమె మళ్ళీ కొట్టింది. భుజం మీద. మోచేతి మీద. చేతులడ్డం పెడితే చేతుల మీద. అతను ఇక కదలడం లేదు. అయినా కొడుతూనే ఉంది. ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట అంటోంది. “ఇది గోడకు! ఇది బెల్టుకు! ఇది చెవికి!”

జములమ్మ నేల మీది నుంచి చూసింది. తమ్ముడి ముఖం గుర్తుపట్టరాకుండా ఉంది. ఇంకొక్కటి తల మీద పడితే చస్తాడు. ఒకప్పుడైతే ఒక్క చేత్తో స్రవంతిని పక్కకు తీసి పెట్టేది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. పాక్కుంటూ పోయి, వెనక నుంచి ఆమె నడుము చుట్టూ చేతులు వేసి వేలాడింది. స్రవంతి ఆమెను తడిబట్టలా ఈడ్చుకుంటూనే ఇంకోసారి పెనం ఎత్తింది.

“సాలు స్రవంతీ! సస్తడు. వాడు సస్తె నువ్వు జైలుకు వోతవు. వాని కోసం పోతవా?”

“పోతా!”

“నేను పోనియ్య. సూడు... నాకు నెత్తురు వడుతున్నది. నన్ను దవాఖానకు ఎవరు తీస్కపోతరు? నువ్వే గద!”

స్రవంతి తిరిగి చూసింది. జములమ్మ గడ్డం మీది నెత్తురు చూసింది. పెనం జారి గచ్చు మీద గణగణమంటూ తిరిగి పడింది. దొడ్లోంచి పరిగెత్తుకొచ్చిన హెప్సిబా “యేసయ్యా!” అని నిలబడిపోయి, మరుక్షణం ఫోను తీసింది.

కర్నూలులో పొట్ట మళ్ళీ తెరిచారు. లోపల కుట్లు అదృష్టం కొద్దీ ఆగాయి, పక్కన నరం చిట్లి నెత్తురు గడ్డకట్టింది. మళ్ళీ సెలైను, మళ్ళీ చెంచా నీళ్ళు. ఎక్కిన మెట్లన్నీ దిగి మొదటికొచ్చింది జములమ్మ. సురేష్‌ను మహబూబ్‌నగర్‌కు తీసుకుపోయారు. దవడ ఎముకలు తీగలతో బిగించారు. ఎడమ కన్ను చూపు పోయింది. మంచం పక్కన పోలీసు కాపలా.

నడవగలిగిన నాడు, శంకరయ్య వద్దంటున్నా వినకుండా పోయి తమ్ముణ్ణి చూసింది. అతను గొట్టంతో జావ తాగుతున్నాడు. ఆమెను చూసి, బిగించిన పళ్ళ సందుల్లోంచి ఏదో అన్నాడు. మొదటిసారి తెలియలేదు. చెవి దగ్గర పెడితే తెలిసింది.

“నన్ను... నువ్వే... కొట్టి పెంచితివి.”

“నిజమే,” అంది జములమ్మ. “నాయిన నన్ను కొట్టి పెంచిండు. నేనెవ్వని ఎముకలిరగ్గొట్టలె, నీయి తప్ప. తప్పే జేసిన. గని, కోర్టుల నీ దిక్కు చెప్ప. ఇగ నేను రాను.”

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే పొట్ట కుట్లు లాగాయి. చెయ్యి అదిమి పెట్టుకుని మరీ ఏడ్చింది.

స్రవంతి ఎప్పటికీ తన దగ్గరే ఉంటుందనుకుంది జములమ్మ. మెస్సులో ఆమెకొక గది సర్దించింది. అయితే రోజులు గడిచేకొద్దీ ఒక సంగతి గమనించింది. తాను పిలిస్తే స్రవంతి ఉలిక్కిపడుతోంది. ముఖం చూసి మాట్లాడడం లేదు. పళ్ళెం అందిస్తూ తల తిప్పుకుంటోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

“నేనేమన్న అంటినా? ఎందుకట్ల జడుస్తవు?”

స్రవంతి గోడ వైపు తిరిగి చెప్పింది. “నువ్వు లావున్నప్పుడు తెల్వలె వదినె. సన్నవడ్డంక నీ మొఖం ఆయన మొఖం లెక్కనే ఉన్నది. గదే దవడ, గవే కండ్లు. తలుపు కాడ నిలవడితె... నాకు ప్రాణం పోతది.”

జములమ్మ లోపలికి పోయి అద్దం ముందు నిలబడింది. చెంపల కొవ్వు కరిగి, బొమికలు బయటపడి ఉన్నాయి. నిజమే. తమ్ముడు. తమ్ముడొక్కడే కాదు, వాళ్ళ నాయిన కూడా. ఇన్నేళ్ళూ ఒళ్ళు చాటున దాక్కున్న ముఖం అది.

మరునాడు తనే స్రవంతి బట్టలు సంచిలో సర్దింది. “అమరచింతకు పో. మీ అమ్మోళ్ళ ఇంటికాడ ఉండు. నా మొఖం నేనేం జేసుకుందు, కోసి తీసెయ్యమంటె డాక్టరు తియ్యడు,” అంది. స్రవంతి ఆ మాటకు నవ్వలేక, ఏడవలేక, వంగి ఆమె కాళ్ళు పట్టుకుంది. తలెత్తకుండానే బస్సెక్కింది.

కేసు గద్వాల కోర్టులో నడిచింది. స్రవంతి మీద సురేష్ ఎదురు కేసు పెట్టాడు. సాక్ష్యం నాటికి జములమ్మ ఇంకా సన్నబడింది, కానీ తేరుకుంది. రోజుకు ఆరేడుసార్లు గుప్పెడు గుప్పెడు తింటోంది. గుడ్డు, పెసరపప్పు, మెత్తగా ఉడికిన చికెన్ పీచు. కోర్టు మెట్లు ఆగకుండా ఎక్కింది. పైకెక్కాక గానీ తనకు ఆయాసం రాలేదని గుర్తుకు రాలేదు.

సురేష్ బోనులో నిలబడి, ఒంటి కంటితో చూస్తున్నాడు. అతని వకీలు నల్లకోటు సర్దుకుంటూ వచ్చాడు. జరిగింది జరిగినట్టు ఆమె చెప్పుకొచ్చింది. ముద్ద, జుట్టు, వేళ్ళు, తన్నులు. వకీలు అంతా విని, నెమ్మదిగా అసలు ప్రశ్న వేశాడు.

“నా క్లయింటు కింద పడిపోయాక, కదలకుండా ఉన్నాక కూడా ఆ అమ్మాయి కొడుతూనే ఉంది. మీరు చూశారు కదా?”

వెనక బెంచీ మీద స్రవంతి, వంకరగా అతికిన వేళ్ళను ఒళ్ళో దాచుకుని కూర్చుంది. జములమ్మ తమ్ముడి వైపు చూసింది. అతనికి తెలుసు, ఆమె చూసిందని. ఆమె స్రవంతి నడుము పట్టుకుని వేలాడడం, స్పృహ తప్పేముందు అతను చూసిన ఆఖరి సంగతి.

“లేదు సారూ,” అంది జములమ్మ. “కడుపుల తన్నినంక నాకు కండ్లు చీకట్లయినయి. వాడు మళ్ళ లేసి మీదికొస్తుండంగ, అది ఒక్కటి కొట్టింది. గంతే యాదున్నది.”

“ఒక్కటేనా? దవడ, భుజం, మోచెయ్యి...”

“పడ్డప్పుడు బల్ల తాకిందేమొ. నాకు తెల్వదు.”

బోనులో సురేష్ గొంతు లేచింది. “అబద్ధం! మా అక్క అబద్ధం చెప్తుంది!” కానిస్టేబులు భుజం నొక్కి నోరు మూయించాడు. జములమ్మ మాట మార్చలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ అబద్ధంతో కాపాడలేదు, ఎప్పుడూ చేతులతోనే. ఇది అంతకన్నా బరువుగా అనిపించింది.

సురేష్‌కు శిక్ష పడింది. స్రవంతి మీద కేసు నిలవలేదు.

అంతకుముందు, సాక్ష్యం చెప్పిన మధ్యాహ్నమే, జములమ్మ కోర్టు బయట చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చుంటే, స్రవంతి వచ్చి పక్కన కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన, రోడ్డు వైపు ముఖం పెట్టి.

“నువ్వు చూసినవు గద వదినె.”

“చూసిన.”

“మరి?”

“జైలుకు పోనియ్యనని ఆనాడే అంటి గద. తినే యాళైంది, డబ్బ తియ్యి,” అంది జములమ్మ.

స్రవంతి జములమ్మ సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పి, చెంచా తుడిచి ఆమె చేతిలో పెట్టింది. జములమ్మ పప్పు కొంచెం తీసుకుని, నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా నమలడం మొదలుపెట్టింది.